అప్‌డేట్: తల విసిరే గుర్రం, అమ్మకం ప్రకటన సంగతి తేలింది

మలక్‌పేట రేసుల్లో పరిగెత్తి రిటైరైన మా థరోబ్రెడ్ ఆడగుర్రం పగ్గం లాగితే తల విసురుతుంది, మోతకి బెదురుతుంది, అమ్మేటప్పుడు ఇవన్నీ ప్రకటనలో రాయాలా అని అడిగా కదా. అమ్మేశా, మంచి చోటికే వెళ్లింది. అందరికీ థాంక్స్, ముఖ్యంగా ముందుగా డాక్టర్‌కి పళ్లు చూపించమన్న అన్నకి.

వెటర్నరీ డాక్టర్ నోరు తెరిపించి టార్చ్ వేసి చూస్తే పై దవడ పళ్ల బయటి అంచులు కత్తిలా పెరిగి బుగ్గ లోపల పుండు పడింది, పగ్గం లాగినప్పుడల్లా అక్కడే ఒత్తుకునేదంట పాపం. మత్తిచ్చి ఆకురాయితో అరగదీశారు, పుండు మానాక తల విసరడం పోయింది. కళ్లెం మార్చడం, దాణా తగ్గించడం మా కేసులో పనికిరాలేదు. సుడులు చూడమన్నవాళ్లకి ఓ దణ్ణం.

బెదురు మాత్రం పోలేదు. అందుకే 'సాధువైన గుర్రం' అని కాకుండా ఇలా పెట్టా: 'ఒంటరిగా రోడ్డెక్కితే లారీ హారన్‌కి పక్కకి గెంతుతుంది, తోడు గుర్రం ఉంటే సర్దుకుంటుంది. లాడాలు కొట్టేటప్పుడు కదలదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి, పెళ్లి బరాత్‌లకి వద్దు. పళ్లకి వైద్యం అయింది, ఏటా చూపించాలి.'

ఫోన్లు బాగా తగ్గాయి నిజమే, బరాత్ వాళ్లయితే అసలు అడగలేదు, కానీ కొన్నాయన వచ్చి జీను వేయడం దగ్గర్నుంచి అన్నీ చూసి, తనే ఎక్కి రోడ్డు దాకా తీసుకెళ్లి, అది గెంతాక నవ్వుకుంటూ వెనక్కొచ్చాడు. బేరం గట్టిగానే ఆడాడు లెండి. డాక్టర్ చీటీ కూడా ఆయనకే ఇచ్చేశా.