అప్‌డేట్: తెల్లపిల్లలే ఎక్కువున్న బడిలో పాపకి స్నేహాలు కుదరట్లేదన్న ప్రశ్న

అమెరికాలో మూడో తరగతి, క్లాసులో పాప ఒక్కతే ఇండియన్, లంచ్‌లో పక్కన ఎవరూ కూర్చోవట్లేదని అడిగాను. సలహాలిచ్చినవాళ్ళందరికీ థ్యాంక్స్, సమస్య తీరింది.

పనిచేసింది 'లంచ్ బంచ్'. నలుగురైదుగురు పిల్లలు స్కూలు కౌన్సిలర్ (పిల్లల ఇబ్బందులు విని సాయం చేసే ఉద్యోగి) గదిలో కలిసి తింటారు. టీచర్‌కో కౌన్సిలర్‌కో ఈమెయిల్ పెట్టి అడగాలి. బొమ్మల పిచ్చి ఉన్న ఒక తెల్లమ్మాయి అక్కడే జత కుదిరింది. ఆ అమ్మాయి అమ్మానాన్నల నంబరు స్కూలు ఇవ్వలేదు. మన నంబరు చీటీ మీద రాసి టీచర్‌తో పంపితే వాళ్ళే మెసేజ్ చేశారు. ప్లేడేట్‌కి (ఇంటికి పిలిచి కలిసి ఆడించడం) ఒక్కరినే పిలవండి, ముగ్గురైతే ఒకరు మిగిలిపోతారు. గంటన్నర చాలు, ఎన్నింటికి తీసుకెళ్ళాలో ముందే చెప్పండి. నట్ ఎలర్జీ ఉందేమో అడగాలి, మన వంటల్లో పల్లీలు ఎక్కడెక్కడ ఉంటాయో వాళ్ళకి తెలీదు.

పులిహోర మానేసి శాండ్‌విచ్ పెట్టడం, పేరు కుదించడం: రెండిటివల్లా ఏ తేడా రాలేదు. పులిహోర మళ్ళీ డబ్బాకెక్కింది.

ఒంటిరంగు మీద మాటలొస్తే దారి వేరు. తేదీ, చోటు, అన్న మాట ఉన్నదున్నట్టు రాసి ప్రిన్సిపల్‌కి ఈమెయిల్ చేయండి. ఫెడరల్ నిధులు తీసుకునే బడికి 1964 సివిల్ రైట్స్ చట్టం టైటిల్ 6 (జాతి, రంగు, మూలదేశం పేరిట వివక్షని నిషేధించే భాగం) వర్తిస్తుంది.

వచ్చే ఏడాది మన పిల్లనీ, కుదిరిన స్నేహితురాలినీ ఒకే సెక్షన్‌లో వేయమని వేసవి సెలవులకి ముందే రాయండి.