సూపర్‌హీరో కామిక్స్‌కి రాయాలంటే మొదటి మెట్టు ఏది?

ప్రశ్న: 22 పేజీల సూపర్‌హీరో స్క్రిప్టు పూర్తయింది. మార్వెల్‌కో డీసీకో నేరుగా పంపొచ్చా? స్క్రిప్టులో ఎడిటర్లు ముందు ఏం చూస్తారు?

జవాబు 1: పంపకండి. అడక్కుండా వచ్చిన స్క్రిప్టుల్ని అక్కడ చదవరు. రేపు అలాంటి కథే వాళ్లు వేస్తే ‘మా కథ కాజేశారు’ అని కేసు పడుతుందన్న భయం ఒక కారణం. వాళ్లు అడిగేది అచ్చయిన కామిక్. కాబట్టి నాలుగైదు పేజీల్లో ముగిసే కథ రాసి, ఆర్టిస్టుకి పేజీకింత అని డబ్బిచ్చి గీయించండి. ఇంకింగ్ (పెన్సిల్ గీతల మీద సిరా దిద్దడం), రంగులు, లెటరింగ్ (బొమ్మల్లో మాటలు రాయడం) ఖర్చు వేరే. 22 పేజీలతో మొదలుపెడితే సగంలోనే డబ్బో ఓపికో అయిపోతుంది. అలన్ మూర్, గ్రాంట్ మారిసన్ ఇద్దరూ బ్రిటన్ పత్రిక ‘2000 ఏడీ’లో ‘ఫ్యూచర్ షాక్స్’ అనే పొట్టి కథలు రాశాకే డీసీకి వెళ్లారు.

జవాబు 2: స్క్రిప్టు సంగతి చెప్తాను. ఒక ప్యానెల్‌కి, అంటే పేజీలో ఒక్కో బొమ్మ గడికి, ఒకటే కదలిక. ‘తలుపు తన్ని, లోపలికొచ్చి, తుపాకీ లాక్కున్నాడు’ అంటే మూడు బొమ్మలు. దాన్ని ఒక్క ప్యానెల్‌లో ఎవరూ గీయలేరు. కొత్తవాళ్ల స్క్రిప్టుల్లో చాలా వరకు ఇక్కడే తేలిపోతాయి. పేజీకి 5, 6 ప్యానెళ్లు, కొట్లాటకి 3, 4 చాలు. మాటలు ప్యానెల్‌కి 35, పేజీకి 210 దాటితే బెలూన్లు (పాత్రల మాటలుండే బుడగలు) బొమ్మని మింగేస్తాయి. ముందు మాట్లాడే పాత్రని ఎడమవైపు పెట్టమని రాయండి, లేకపోతే బెలూన్ తోకలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. పాఠకుడు ఉలిక్కిపడే బొమ్మ సరిసంఖ్య పేజీలో, అంటే కాగితం తిప్పాక ఎడమవైపు కనబడాలి. కుడి పేజీలో పెడితే కన్ను ముందే అటు వెళ్లిపోతుంది. మధ్యలో యాడ్లు పడితే ఈ లెక్క తప్పుతుంది, అది ఎడిటర్‌ని అడిగి సరిచూసుకోవాలి.

జవాబు 3: హక్కుల మాట ఎవరూ ఎత్తలేదు. పెద్ద కంపెనీలకి రాసేది వర్క్ ఫర్ హైర్, అంటే డబ్బు తీసుకుని రాసిచ్చాక హక్కులన్నీ కంపెనీవే. మీరు పుట్టించిన విలన్ కూడా వాళ్లదే. 1938లో సూపర్‌మ్యాన్‌ని పుట్టించిన సీగెల్, షుస్టర్ ఆ పాత్ర హక్కుల్ని 130 డాలర్లకి వదులుకున్నారు. మీకు ప్రాణమైన పాత్రని అక్కడ ఇవ్వకండి. 1992లో మొదలైన ఇమేజ్ అనే కామిక్స్ కంపెనీలో హక్కులు రచయిత, ఆర్టిస్టులవే. కానీ మామూలుగా ముందస్తు పేజీ రేటు ఉండదు, పుస్తకం అమ్ముడయ్యాకే డబ్బు. ఆర్టిస్టుతో వాటాల ఒప్పందం మొదటి పేజీ గీయకముందే కాగితం మీద పెట్టండి.

ప్రశ్న వేసినవారు: అయితే ఈ 22 పేజీల్లోంచి ఐదు పేజీలు తీసి వాడుకోనా?

జవాబు 2: వద్దండీ. అది సన్నివేశం అవుతుంది, కథ కాదు. అదే హీరోతో, ఐదో పేజీలో ముగింపు ఉండేలా వేరే కథ కొత్తగా రాయండి.