నొప్పి నిజమే, నడుం పాడవలేదు: ఇది తెలుగులో ఎలా చెప్పాలి?

కూకట్‌పల్లిలో ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికొచ్చే ఒక టైలర్‌గారికి 14 నెలలుగా నడుం నొప్పి. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 డిస్క్ (నడుం కింది భాగంలో రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) కొద్దిగా ఉబ్బింది; నొప్పి లేనివాళ్ల స్కాన్లలోనూ ఇది మామూలే. కాళ్లలో తిమ్మిరి, బలహీనత లేవు, మూత్రానికీ ఇబ్బంది లేదు.

వారానికి 2 సార్లు చొప్పున 6 వారాలు మాన్యువల్ థెరపీ (చేతులతో కండరాలు, కీళ్లు సడలించడం) చేశాను. అయ్యాక టేబుల్ మీంచి లేచేటప్పుడు హాయిగా ఉందంటారు, మర్నాటికి మళ్లీ మొదలు. రోజూ 10 నిమిషాలు నడిపిస్తున్నాను. వంగమంటే మాత్రం ఇప్పటికీ టేబుల్ అంచు పట్టుకుని ఊపిరి బిగపట్టేస్తారు.

నరాల వ్యవస్థ అతిగా స్పందిస్తోందని, పక్కనుంచి ఆటో పోయినా మోగే కారు అలారంలాంటిదని చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. "అంటే నాది ఉత్త భ్రమంటారా సార్?" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు.

ఆయన నొప్పిని నమ్ముతున్నానని తెలిసేలా చెబుతూనే, వంగడానికి భయం పోగొట్టాలంటే మీ పేషెంట్ల దగ్గర ఏ మాట, ఏ పోలిక పనిచేసింది?