ఇంటిగ్రేషన్ మేనేజర్‌కి కోడ్ రావాలా, అక్కర్లేదా?

ఆర్డర్_టు_క్యాష్:
ఎస్‌ఏపీ (కంపెనీల లెక్కలు, సరుకు, అమ్మకాలు నడిపే సాఫ్ట్‌వేర్) పాత వెర్షన్ ఈసీసీ నుంచి కొత్త వెర్షన్ ఎస్/4 హానాకి మారే ప్రాజెక్టులో ఇంటిగ్రేషన్ మేనేజర్ పోస్టు పడింది. మొత్తం 140 ఇంటర్‌ఫేసులు, అంటే బయటి సిస్టమ్‌లతో డేటా ఇచ్చిపుచ్చుకునే లింకులు. బ్యాంకు పేమెంట్లు, జీఎస్టీ ఈ-ఇన్వాయిస్, గోడౌన్ సాఫ్ట్‌వేర్, ట్రాన్స్‌పోర్టర్లు, రెండు పాత సిస్టమ్‌లు. ఎస్‌డీ (అమ్మకాల మాడ్యూల్) ఫంక్షనల్ వైపు నుంచి వచ్చినవాళ్ళకి ఈ పని కుదురుతుందా? మ్యాపింగ్ షీట్ (ఇటు ఏ ఫీల్డు అటు ఏ ఫీల్డులోకి వెళ్ళాలో చెప్పేది) రాయడం వచ్చు. జావా, గ్రూవీ లాంటి ప్రోగ్రామింగ్ భాషలు రావు. సూటిగా చెప్పండి.

పైపుల_పంతులు:
సూటిగానే: కోడ్ చదవడం రాకపోతే వద్దు. రాయనక్కర్లేదు, చదవాలి.

ఈ-ఇన్వాయిసే తీసుకోండి. మన సిస్టమ్ బిల్లు పంపింది. జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ పోర్టల్ ఐఆర్‌ఎన్ (బిల్లు రిఫరెన్స్ నంబరు) ఇచ్చేసింది. జవాబు దారిలో పోయింది, మనకి 504 టైమవుట్ (జవాబు సమయానికి రాలేదనే ఎర్రర్) కనబడింది. మిడిల్‌వేర్ (మధ్యలో మెసేజ్‌లు చేరవేసే సాఫ్ట్‌వేర్) అదే బిల్లు మళ్ళీ పంపింది. ఈసారి పోర్టల్ నుంచి 2150 ఎర్రర్, అంటే డూప్లికేట్. ఎందుకంటే ఐఆర్‌ఎన్ అనేది అమ్మినవాడి జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, డాక్యుమెంట్ రకం, డాక్యుమెంట్ నంబరు కలిపి తీసిన 64 అక్షరాల హాష్. అదే బిల్లు వందసార్లు పంపినా అదే హాష్ వస్తుంది. ఇది తెలియని టీమ్ 2150ని 'ఫెయిల్' కింద రాసేస్తుంది. గేటు దగ్గర లారీ ఆగుతుంది. బిల్లింగ్ వాళ్ళు కంగారులో కొత్త నంబరుతో ఇంకో బిల్లు కొడతారు. ఒకే సరుకు, రెండు ఐఆర్‌ఎన్‌లు. 24 గంటల్లోపు కళ్ళబడితే ఒకటి క్యాన్సిల్ చేయొచ్చు, దాటితే క్రెడిట్ నోటే గతి.

టైమవుట్ వచ్చినప్పుడు గుడ్డిగా మళ్ళీ పంపకూడదు, ముందు 'దీనికి ఐఆర్‌ఎన్ ఉందా' అని పోర్టల్‌నే అడగాలి. ఈ ప్రశ్న డిజైన్ రివ్యూలో వేయలేని మనిషికి ఆ కుర్చీ ఎందుకు?

కటోవర్_కామాక్షి:
పంతులుగారూ, మీరు చెప్పినదాంట్లో తప్పు లేదు. కాకపోతే అది ఆర్కిటెక్ట్ ఉద్యోగం.

140 ఇంటర్‌ఫేసుల ప్రాజెక్టు కోడ్ దగ్గర ఆగదండీ. ఫైర్‌వాల్ తెరవమని పెట్టిన రిక్వెస్టు మూడు వారాలు ఎవరి క్యూలోనో నిద్రపోతుంది. బ్యాంకువాళ్ళు మన ఐపీని టెస్ట్ సర్వర్‌లో చేరుస్తారు, ప్రొడక్షన్‌లో మర్చిపోతారు. ట్రాన్స్‌పోర్టర్‌కి అసలు టెస్ట్ సిస్టమే ఉండదు. మేనేజర్ పని ఇంటర్‌ఫేస్ రిజిస్టర్‌ని బతికించి ఉంచడం. ఒక్కో వరుసకి ఎక్కణ్ణుంచి ఎక్కడికి, రెండు వైపులా బాధ్యుడి పేరు (టీమ్ పేరు కాదు, మనిషి పేరు), రోజువారీ లెక్క, నెలాఖరు రద్దీలో లెక్క, ఎర్రర్ మెయిల్ ఎవరికి వెళ్తుంది, సర్టిఫికెట్ గడువు, టెస్ట్ అడ్రసు, ప్రొడక్షన్ అడ్రసు. గో-లైవ్ (కొత్త సిస్టమ్ మొదలయ్యే) రోజు టెస్ట్ అడ్రసు ప్రొడక్షన్‌లో మిగిలిపోవడం కన్నా మామూలు తప్పు ఇంకోటి లేదు. దాన్ని పట్టుకోవడానికి గ్రూవీ అక్కర్లేదు, ఆ రెండు కాలమ్‌లు పక్కపక్కన పెట్టి చదివే ఓపిక ఉంటే చాలు.

కటోవర్, అంటే పాతది ఆపి కొత్తదానికి మారడం, ఇంకా పెద్ద పని. బయటినుంచి వచ్చేవి ముందు ఆపాలి. క్యూలో ఉన్నవి ఖాళీ అయ్యేదాకా ఆగాలి. ప్రతి ఇంటర్‌ఫేసులో చివరగా వెళ్ళిన డాక్యుమెంట్ నంబరు రాసిపెట్టాలి. రెండు వైపులా ఎన్ని వెళ్ళాయి, మొత్తం ఎంత డబ్బు అని సరిచూడాలి. తెరిచేటప్పుడు మాస్టర్ డేటా ముందు, ఆర్డర్లు తరవాత, బ్యాంకు పేమెంట్లు అన్నిటికన్నా ఆఖరున. పేమెంటు ఫైలు రెండుసార్లు వెళ్తే వెనక్కి రప్పించడం ఎవరి తరమూ కాదు.

బావర్చి_బ్యాచ్:
అంటే ఎక్సెల్ మేనేజర్ అన్నమాట 😀

కటోవర్_కామాక్షి:
ఆ ఎక్సెల్ లేని ప్రాజెక్టులో గో-లైవ్ రోజు ఉండి చూడండి, తరవాత నవ్వుదురుగాని.

పైపుల_పంతులు:
సరే కామాక్షిగారూ, రాత్రి ఐడాక్‌లు (ఎస్‌ఏపీ మెసేజ్‌లు) 400 వచ్చి స్టేటస్ 51లో పడ్డాయి. మీ రిజిస్టర్ ఏం చెబుతుంది?

కటోవర్_కామాక్షి:
51 అంటేనే మెసేజ్ చేరింది, అప్లికేషన్ పోస్ట్ చేయలేదు అని. పోస్టింగ్ పీరియడ్ మూసేసి ఉంటుంది, లేదా ఆ మెటీరియల్‌ని ఆ ప్లాంటుకి తెరవలేదు. సరిచేయాల్సింది బిజినెస్ వాళ్ళు. తరవాత బీడీ87 అనే స్క్రీన్‌లో మళ్ళీ నడిపితే 53 (పోస్ట్ అయింది) అవుతుంది. కోడ్ ఎక్కడుంది ఇందులో? మీ ఉదాహరణ నా వాదనకే పనికొస్తోంది.

పైపుల_పంతులు:
'మళ్ళీ నడిపితే' అని ఎంత తేలిగ్గా అనేశారు! ఆ 400లో ఒకే మెటీరియల్ మీద సోమవారం మార్పు ఒకటి, మంగళవారం మార్పు ఒకటి ఉన్నాయనుకోండి. మంగళవారంది అప్పటికే 53 అయిపోయింది, సోమవారంది 51లో ఇరుక్కుంది. అన్నీ టిక్ పెట్టి నడిపితే పాత మాట కొత్త మాటని చెరిపేస్తుంది. స్క్రీన్ మీద అన్నీ ఆకుపచ్చ, మాస్టర్‌లో తప్పుడు డేటా. ఎర్రర్ కూడా ఉండదు, పదిరోజుల తరవాత గోడౌన్‌లో బయటపడుతుంది. కొన్ని మళ్ళీ నడపాలి, కొన్ని మూసేసి సోర్స్ నుంచి తాజాగా తెప్పించాలి. ఏది ఏదో తెలియడానికి లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

కటోవర్_కామాక్షి:
తెలియాలి. ఆ తేడా రన్‌బుక్‌లో (ఏది పడిపోతే ఏం చేయాలో రాసిన పుస్తకం) ఒక్కో ఇంటర్‌ఫేసుకి ముందే రాయించడం మేనేజర్ పని. రాసేది డెవలపర్.

పైపుల_పంతులు:
రాసింది తప్పో ఒప్పో ఎవరు చూస్తారు?

ట్యాక్స్_టేబుల్:
చిన్న సవరణ. 2150 వచ్చినప్పుడు పోర్టల్‌ని మళ్ళీ అడగక్కర్లేదు. ఆ ఎర్రర్ జవాబులోనే పాత ఐఆర్‌ఎన్, అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు, తేదీ వస్తాయి.

పైపుల_పంతులు:
వస్తాయి. పోర్టల్ డిజిటల్ సంతకం చేసిన క్యూఆర్ కోడ్ రాదు. క్యూఆర్ లేకుండా బిల్లు ప్రింటు ఎలా తీస్తారు? అడగాల్సిందే.

ట్యాక్స్_టేబుల్:
ఐఆర్‌ఎన్ చేతికొచ్చాక క్యూఆర్ తెచ్చుకోవడం వేరే కాల్ అండీ. మీరన్నది 'ఉందా లేదా' అని అడగమని. రెండూ ఒకటి కాదు.

పైపుల_పంతులు:
టైమవుట్ దగ్గర అడిగితే 2150 దాకా రానే రాదు. నేనన్నది అదీ.

పసుపు_కుంకుమ_సర్వర్:
సర్టిఫికెట్ గడువు కాలమ్ గురించి ఒక మాట. దాన్ని ఏడాదికోసారి చూస్తే సరిపోయే కాలం అయిపోయింది. పబ్లిక్ టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ని భద్రంగా ఉంచే) సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 398 రోజుల నుంచి 2026 మార్చి 15కి 200 రోజులు, 2027 మార్చి 15కి 100, 2029 మార్చి 15కి 47 అవుతుంది. ఎస్‌ట్రస్ట్‌లో (ఎస్‌ఏపీలో నమ్మే సర్టిఫికెట్లు పెట్టే చోటు) అవతలివాళ్ళ సర్వర్ సర్టిఫికెట్‌నే ఎక్కించి కూర్చున్న చోట వాళ్ళు మార్చిన ప్రతిసారీ మన కనెక్షన్ తెగుతుంది. దాని బదులు, దాన్ని జారీచేసిన సంస్థ రూట్, ఇంటర్మీడియెట్ సర్టిఫికెట్లు ఎక్కించుకోండి.

గోదారి_గట్టు:
పీఐ/పీఓ (ఎస్‌ఏపీ పాత మిడిల్‌వేర్) మాత్రమే వచ్చినవాళ్ళు కూడా మేలుకోవాలి. దాని 7.5 వెర్షన్‌కి మామూలు సపోర్టు 2027 చివరిదాకా, అదనంగా డబ్బు కడితే 2030 దాకా. 140లో సగం అక్కడే ఉంటే ఇది ఒక ప్రాజెక్టు కాదు, రెండు.

రాత్రి_షిఫ్ట్:
అన్నా, అక్కా, మీ 51 పంచాయితీ పొద్దటిసంది చూస్తున్న. మంచిగనే ఉంది. కానీ అసలు ముచ్చట ఇద్దరూ ముట్టుకుంటలేరు.

గో-లైవ్ ముందురోజు అక్క చెప్పిన రిజిస్టర్ల 11 ఇంటర్‌ఫేసులు ఎర్రగుంటయ్, అంటే రెడీ కాలే. స్టీరింగ్ కమిటీ మీటింగ్ అయినంక అవే 11 పసుపు అయితయ్. టెస్టింగ్ ఏం కాలే, రంగు మారింది అంతే. పక్కన 'మాన్యువల్ వర్కరౌండ్' అని కొత్త కాలమ్ పుడుతది. ఆ మాన్యువల్ ఎవరు? హైదరాబాద్‌ల రాత్రి రెండు గంటలకు కూసునే సపోర్ట్ పిల్లలు. ఫైలు దించు, కాలమ్ సరిచెయ్, ఎక్కించు. రెండు వారాల హైపర్‌కేర్ (గో-లైవ్ అయినంక కనిపెట్టుకునుడు) అంటరు, ఆర్నెల్లయినా నడుస్తనే ఉంటది. కోడ్ వచ్చిన మేనేజరైనా, రాని మేనేజరైనా ఆ మీటింగ్ల నోరు తెరిచినోడు లేడు.

కటోవర్_కామాక్షి:
రంగు మార్చేది మేనేజర్ అని ఎవరన్నారు? పైనుంచి తేదీ వస్తుంది. ఆ తేదీకి పాత సిస్టమ్ లైసెన్సు అయిపోతుంది, డేటా సెంటర్ కాంట్రాక్టు అయిపోతుంది. ఎర్రగా ఉన్నవి ఎర్రగానే చూపించి, రిస్కు రాసి ఇవ్వడం వరకే మా చేతిలో ఉంది.

రాత్రి_షిఫ్ట్:
రాసిచ్చి పండుకుంటరు. మేం లేస్తం.

కటోవర్_కామాక్షి:
మాట జాగ్రత్త. కటోవర్ వారాంతంలో ఎవరు పడుకుంటారో ఇక్కడ తేల్చుకోనక్కర్లేదు.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. విషయం మీద రాయండి.

థేమ్స్_ఒడ్డు:
విషయం మీదే ఒకటి. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో లాయిడ్స్ సిస్టమ్ నుంచి తన అప్పటి యజమాని సబడెల్ తయారుచేసిన ప్లాట్‌ఫామ్‌కి మారింది. ఖాతాల డేటా సరిగానే చేరింది, ప్లాట్‌ఫామే నిలబడలేదు. రెండు డేటా సెంటర్లు కలిసి నడవాల్సింది, లోడ్ టెస్ట్ ఒకదాని మీదే చేశారు. మామూలు స్థితికి రావడానికి డిసెంబరు దాకా పట్టింది. 2022 డిసెంబరులో బ్యాంకుకి 4 కోట్ల 86 లక్షల 50 వేల పౌండ్ల జరిమానా. 2023 ఏప్రిల్‌లో అప్పటి సీఐఓకి (ఐటీ అధిపతి) విడిగా, సొంత జేబులోంచి 81,620 పౌండ్లు. కారణం: సప్లయర్ 'మేం రెడీ' అంటే, ఆ సప్లయర్ కింద ఉన్న సప్లయర్లు కూడా రెడీయా కాదా అని సరిగ్గా చూసుకోలేదని.

పైపుల_పంతులు:
నేను మొదటినుంచీ చెబుతున్నది అదే కదా. 'రెడీ' అన్న మాటని విప్పి చూడగలిగినవాడు కావాలి.

కటోవర్_కామాక్షి:
కాదు పంతులుగారూ, మీరు సగమే చదువుతున్నారు. ఆయనకి జరిమానా పడింది కోడ్ చదవనందుకు కాదు, ఆపే అధికారం ఉండి కూడా చూసుకోనందుకు. ఇంటిగ్రేషన్ మేనేజర్‌కి ఆ అధికారం ఎక్కడిది? 140 ఇంటర్‌ఫేసుల్లో ఒక్కదాని డెవలపరూ అతని కింద ఉండడు. ఫైర్‌వాల్ టీమ్ వేరు, బ్యాంకు వేరు, ఎస్‌ఏపీ సప్లయర్ వేరు. అందరినీ అడుక్కుని పని చేయించుకోవాలి, పడిపోతే పేరు మాత్రం అతనిది.

పైపుల_పంతులు:
అధికారం కాగితం మీద రాదండీ. లోపలి సంగతి తెలిసినవాడు 'ఈ నాలుగూ తెరిస్తే పేమెంట్లు రెండుసార్లు వెళ్తాయి' అని మీటింగ్‌లో లెక్కతో చెబితే ఏ సీఎఫ్‌ఓ (ఆర్థిక అధిపతి) అయినా ఆగుతాడు. 'రిస్కు హై' అని రాసిన కాగితానికి ఎవరూ ఆగరు.

కటోవర్_కామాక్షి:
లెక్కతో చెప్పినా ఆగని సీఎఫ్‌ఓలు ఉంటారు. అందుకే ఆపే హక్కు ముందే రాయించుకోవాలి.

రాత్రి_షిఫ్ట్:
ఇగో, ఇప్పుడు అసలు ముచ్చటకొచ్చిన్రు.

పాత_పాస్‌బుక్:
మన దగ్గర ఆంధ్రా బ్యాంకు సంగతి చూడండి. 2020 ఏప్రిల్ 1న కార్పొరేషన్ బ్యాంకుతో పాటు యూనియన్ బ్యాంకులో కలిసింది. మూడూ ఫినాకిల్ అనే బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ మీదే నడిచేవి, అంటే లోపలి పని ఎంతో కొంత సులువు. బయట? ఏఎన్‌డీబీతో మొదలయ్యే ఐఎఫ్‌ఎస్‌సీలు 2021 మార్చి 31 తరవాత చెల్లలేదు. అవి ఎవరెవరి వెండర్ మాస్టర్‌లో, జీతాల ఫైల్లో ఉన్నాయో వాళ్ళే మార్చుకోవాలి. మార్చనివాళ్ళ పేమెంట్లు తిరిగొచ్చేస్తాయి. మన సిస్టమ్‌లో ఒక్క లైను కోడ్ మారకుండా ఇంటర్‌ఫేస్ పడిపోవడమంటే ఇదే. పంతులుగారి కోడూ పనికిరాదు, కామాక్షిగారి రిజిస్టర్‌లో 'అవతలివాడి తేదీలు' అనే కాలమ్ లేకపోతే అదీ పనికిరాదు.

కటోవర్_కామాక్షి:
ఆ కాలమ్ రాయలేదు నేను. పెట్టాల్సిందే.

ఆర్డర్_టు_క్యాష్:
జాబ్ డిస్క్రిప్షన్ మళ్ళీ చదివాను. సమన్వయం, రిపోర్టింగ్, సప్లయర్ మేనేజ్‌మెంట్, కటోవర్ ప్లాన్, హైపర్‌కేర్ ఉన్నాయి. గో/నో-గో (మొదలుపెట్టాలా, ఆపాలా అనే నిర్ణయం) మాటే లేదు. ఇంటర్వ్యూలో ఏం అడగమంటారు?

కటోవర్_కామాక్షి:
మూడు అడగండి. గో/నో-గో మీటింగ్‌లో ఓటు ఉందా, లేక స్లైడు చూపించి బయటికి రావడమేనా? పూర్తి లోడ్‌తో కనీసం రెండు కటోవర్ రిహార్సల్స్ ప్లాన్‌లో ఉన్నాయా? హైపర్‌కేర్ ముగియడానికి కొలత ఏంటి, తేదీయా, వరసగా ఇన్ని రోజులు తెరిచి ఉన్న పెద్ద టికెట్లు లేకపోవడమా? తేదీ అంటే రాత్రి_షిఫ్ట్ చెప్పినదే జరుగుతుంది.

రాత్రి_షిఫ్ట్:
నాలుగోది కూడా అడుగు అన్నా. వర్కరౌండ్ అని రాసిన ప్రతిదానికి రాత్రిపూట మనిషి బడ్జెట్ ఉందా అని.

పైపుల_పంతులు:
ఎస్‌డీ వైపు నుంచి వస్తున్నారు కాబట్టి 51లు మీకు కొత్త కాదు, అది మంచిదే. చేరేలోపు రెండు వారాలు పోస్ట్‌మన్ అనే టెస్టింగ్ టూల్‌తో కూర్చోండి. టోకెన్ గడువు అయిపోతే ఏ కోడ్ వస్తుంది, 429 (మరీ ఎక్కువ రిక్వెస్టులు) వస్తే ఎంతసేపు ఆగి పంపాలి, 504 వస్తే ఎందుకు పంపకూడదు. ఈ మూడూ చేత్తో చేసి చూడండి. అప్పుడు నేను అడ్డు చెప్పను.

ట్యాక్స్_టేబుల్:
504 వస్తే పంపొచ్చు. 2150 వస్తుంది, అందులో ఐఆర్‌ఎన్ ఉంటుంది.

పైపుల_పంతులు:
క్యూఆర్ ఉండదు.