ప్రకాశం బజారులోనే ఉండాలా, హైదరాబాద్ రోడ్డుకు పోవాలా?

ప్రశ్న – నల్లగొండ నుంచి ఒక బోళ్ల దుకాణదారు

నల్లగొండ ప్రకాశం బజారులో మా నాన్నగారు పెట్టిన బోళ్ల దుకాణాన్ని ఇప్పుడు నేను నడుపుతున్నాను. మలిగె సొంతది కాదు, కిరాయిది. ఈ పాత కట్టడాన్ని తీసివేసి మూడంతస్తుల కాంప్లెక్సు కడతామనీ, అది పూర్తయిన తరువాత పై అంతస్తులో నాకు ఒక షట్టర్ ఇస్తామనీ యజమానులు అంటున్నారు. మా అబ్బాయి మాత్రం అంతవరకు ఆగకుండా హైదరాబాద్ రోడ్డు మీద విశాలమైన షోరూము చూసుకుందామని పట్టుబడుతున్నాడు. వాడి లెక్కలో తప్పేమీ లేదు. అయినా నాకు ఈ బజారు విడిచి పోవాలని లేదు.

ఇది పాత రోజుల మీది మమకారమని దయచేసి అనుకోకండి. ఈ బజారు ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది కాబట్టే నాకు ఇష్టం. నాన్నగారి కాలంలో పెళ్లి సామానంటే ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, పెద్ద గంజులు. పాత ఇత్తడి తూకం వేసి, తరుగు తీసి, కొత్తవి ఇచ్చి, వాటి మీద పేర్లు కొట్టి పంపేవారు. 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాక, గదుల్లో వండుకునే పిల్లలు ఒక్కరికి సరిపోయే కుక్కర్లు అడగసాగారు. ఇళ్ల కట్టుబడి పనులకు బీహారు, ఒడిశాల నుంచి వచ్చినవారు రొట్టెల పెనమూ, పీటా, కర్రా, లోతైన కడాయీ అడుగుతారు. 2016 అక్టోబరులో సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరు జిల్లాలైనప్పుడు, కలెక్టరేటు పని మీద కోదాడ, హుజూర్‌నగర్ల నుంచి వచ్చి, తిరుగు ప్రయాణంలో మా దగ్గర ఆగే గిరాకీ పడిపోయింది. ఇక లేవదనుకుంటుండగానే, 2023 డిసెంబరులో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలై, కనగల్లు, తిప్పర్తి, మునుగోడు వైపుల నుంచి అత్తాకోడళ్లు కలిసి రావడం పెరిగింది. ఇదివరకు మగవాళ్లు చూపించినదేదో పట్టుకుపోయేవారు. వీళ్లు గంజును వేలితో కొట్టి చప్పుడు విని, మందం చూసి, గట్టిగా బేరమాడి తీసుకుంటారు. (బేరం లేని అమ్మకంలో నాకు రుచి ఉండదు, అది వేరే సంగతి.) బతుకమ్మకు ముందు తాంబాళాలు, బోనాలకు ఇత్తడి బిందెలు, రంజాన్‌లో పెద్ద డేగిశాలు అమ్ముతూ, ఏ ఇంట్లో ఎందరున్నారో, ఏమి వండుకుంటారో గద్దె మీద కూర్చొనే తెలుసుకోవచ్చు.

పై అంతస్తుకు ఒప్పుకొని ఇక్కడే ఉండాలా, రోడ్డు మీదికి పోవాలా? అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు 1 – మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ ప్రాంతం నుంచి ఒక బట్టల వ్యాపారి

సేటుగారూ, జిల్లా విడిపోయిన దెబ్బ మాకూ తెలుసు. 2016లో వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ విడిపోయాయి. 2019లో నారాయణపేట కూడా విడిపోయింది. ఆఫీసు పనుల మీద వచ్చేవారు తగ్గిన తరువాత మా దుకాణాన్ని నిలబెట్టినది, పండుగలకు ముంబై, పుణెల నుంచి ఇంటికి వచ్చే పాలమూరు కూలీల కుటుంబాలే. వారు బస్సు దిగి, సంచులు భుజాన వేసుకొని నడిచి వస్తారు. అలా వచ్చేవారు మెట్లెక్కరు. పై అంతస్తు దర్జీకి, పళ్ల డాక్టరుకు, ట్యూషన్లు చెప్పేవారికి పనికివస్తుంది గాని, బరువైన సరుకు అమ్మేవారికి పనికిరాదు. వీధిలోకి వేలాడే బిందెల వరుసే మీకు బోర్డు.

మా పెదనాన్న కొడుకు జడ్చర్ల వైపు రోడ్డు మీద షోరూము పెట్టాడు. కార్లలో వచ్చేవారు వచ్చారు. ఉద్దెర పుస్తకంలో పేర్లున్న పల్లెలవాళ్లు మాత్రం ఆ దారి పట్టలేదు. అతడు నష్టపోలేదు, కాని అతడిప్పుడు చేస్తున్నది వేరే వ్యాపారం. మీ అబ్బాయికి కావలసినది ఆ వ్యాపారమేమో అడిగి చూడండి.

జవాబు 2 – దేవరకొండ దగ్గరి నుంచి ఒక ఉపాధ్యాయురాలు

అన్నగారూ, మీ ఇష్టం మంచిదే, కాని కొనడానికి వచ్చే మా అవస్థ కూడా వినండి. బజారులో సగం దారి దుకాణాల సరుకే ఆక్రమిస్తుంది, మిగిలిన సగంలో స్కూటర్లు ఉంటాయి. పెద్ద తాంబాళం కొంటే ఆటో లోపలికి రాదు. చిన్నపిల్లతో వచ్చినప్పుడు మూత్రశాల ఎక్కడని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. హైదరాబాద్ రోడ్డులోని పెద్ద షోరూముల్లో బేరం ఉండదు, పేర్లు కొట్టరు, కాని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇస్తారు.

అయినా నేను బజారుకే వస్తాను. గాజులు, పసుపు కుంకుమలు, చీరలు, బోళ్లు అన్నీ ఒక్క మధ్యాహ్నంలో అయిపోయి, సాయంత్రం బస్సు అందుతుంది. మీరు రోడ్డు మీదికి పోతే మీ ఒక్కరి కోసం ఆటో కట్టుకొని రాను. పక్క దుకాణంలో కొంటాను. ఇది కోపంతో అంటున్న మాట కాదు.

జవాబు 3 – నల్లగొండ నుంచి ఒక న్యాయవాది

"షట్టర్ ఇస్తాము" అన్నది ప్రస్తుతానికి నోటిమాట. మీ దగ్గర పదకొండు నెలల కాగితమే ఉంటే దాని బలం ఆ మేరకే. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షనూ, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షనూ చెబుతున్నాయి. నోటరీ ముద్ర దానికి బదులు కాదు. తాళాలు అప్పగించక ముందే ఏ అంతస్తు, ఏ వైపు ముఖం, వెడల్పు ఎన్ని అడుగులు, అడ్వాన్సు ఎంత, కిరాయి ఎన్నేళ్లకు ఎంత పెరుగుతుంది, కట్టడం ఆలస్యమైతే ఏమిటి అన్నవి రాయించుకోండి. తాత్కాలికంగా చోటు మారినా జీఎస్టీ నమోదులో చిరునామా మార్పుకు పదిహేను రోజులలోపు దరఖాస్తు చేయాలి. మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు సంగతీ చూసుకోవాలి.

ప్రశ్న అడిగిన దుకాణదారు

అందరికీ కృతజ్ఞతలు. పై అంతస్తు ఆలోచన మానుకున్నాను. కింద, రోడ్డు వైపు, ఇప్పటికంటే చిన్నదైనా సరే ఒక షట్టర్ ఇచ్చి, పైన గోదాముకు ఒక గది ఇవ్వమని అడుగుతాను. హాస్టళ్లకు, హోటళ్లకు టోకు సరఫరా మీద మా అబ్బాయికి ఆసక్తి ఉంది. దానికి రోడ్డు మీద చోటు నిజంగానే అవసరం, వాడు చూసుకుంటాడు.

టీచరమ్మగారూ, ముందుకు పెట్టిన బిందెలను నేనొక్కడినే లోపలికి జరిపితే నా దుకాణం పక్కవారి సరుకు వెనక దాగిపోతుంది. అందుకని ఆ వరుసలోని నలుగురితో ముందు మాట్లాడతాను. లోపల కూర్చోవడానికి బెంచీ, మంచినీళ్లు మాత్రం రేపే ఏర్పాటు చేయగలను.

వకీలు గారికి ఒక మాట: కట్టడం సాగినన్నాళ్లు ఇదే బజారులో వేరే మలిగె తీసుకుంటే, ఆ కిరాయిలో కొంత యజమానులు భరించాలన్న షరతు కూడా అదే లీజులో రాయించవచ్చునా, దానికి విడిగా ఒప్పందం కావాలా?