కటజ్జాక్‌కి లూప్ పెడల్ కలిపితే ఇంకా కటజ్జాకేనా?

శబ్దభేది: ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ఆడవాళ్లిద్దరు ఎదురెదురుగా చేతులు పట్టుకుని ఆడే గొంతు ఆట ఇది. ఒకరు చిన్న ముక్క ఎత్తుకుంటే రెండోవారు దాని సందుల్లో దూరతారు. ఊపిరి అందకో, నవ్వొచ్చో ఆగినవాళ్లు ఓడినట్టు. లూప్ పెడల్ అంటే పాడిన ముక్కని పట్టుకుని మళ్లీమళ్లీ వినిపించే పరికరం, దానికి ఆయాసమూ రాదు, నవ్వూ రాదు. ఇక ఆటెక్కడ?

తెగిన_తీగ: ఇన్యూట్ గాయని తాన్యా తగాక్ ఒంటరిగానే పాడుతుంది. ఆమె ఆల్బమ్ ‘యానిమిజం’కి 2014లో కెనడా వాళ్ల పొలారిస్ మ్యూజిక్ ప్రైజ్ వచ్చింది. ఆమెదీ కాదంటారా?

శబ్దభేది: ఆమె పక్కన వయొలిన్, డ్రమ్స్ అప్పటికప్పుడు బదులిస్తాయి. పెడల్ విన్నదే అప్పజెబుతుంది.

బేస్‌బాబు: పెడల్‌ని ఎందుకు తిడతారు, చెడగొట్టేది క్లిక్ ట్రాక్, అదే, రికార్డింగ్‌లో చెవిలో టిక్‌టిక్‌మని తాళం కొట్టేది. 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్లు) బీట్‌కి 500 మిల్లీసెకన్లు. రెండో గొంతు 250 దగ్గర పడాలనుకోండి, క్వాంటైజ్ చేశారంటే, అంటే ప్రతి శబ్దాన్నీ దగ్గరి బీట్ మీదికి జరిపేశారంటే, రెండూ ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుంటాయి. క్లిక్ లేకుండా ఇద్దరినీ కలిపి రికార్డ్ చేసి, వాళ్ల వేగం ఎక్కడెక్కడ ఎలా మారిందో టెంపో మ్యాప్ గీసి, డ్రమ్స్‌ని దానికి సర్దండి. నాయిస్ గేట్ తీసేయండి. లోపలికి పీల్చే ఊపిరీ పాటలో భాగమే, గేట్ దాన్ని చెత్తనుకుని కోసేస్తుంది. మైక్ నోటికి కాస్త పక్కగా పెట్టండి, లేకపోతే గాలి కొట్టి ధబ్‌ధబ్‌మంటుంది. ఒకరి గొంతు ఇంకొకరి మైక్‌లో పడే బ్లీడ్ పోవాలని వేరే గదుల్లో నిలబెడితే మాత్రం ఆటే పోతుంది.

లత: రష్యాలోని తువా వాళ్ల గొంతుపాట ఖూమీ లాంటిదేగా?

బేస్‌బాబు: కాదండీ. అక్కడ ఒకే గొంతులోంచి పైన ఈలలాంటి స్వరం విడిగా పలుకుతుంది. ఇక్కడ సరుకంతా లయ, ఊపిరి.

తెగిన_తీగ: 2019లో కెనడా ఇండిజినస్ (ఆదివాసీ) మ్యూజిక్ అవార్డుల గొడవ గేటు గురించా, పెడల్ గురించా? ఇన్యూట్ కాని, క్రీ తెగ గాయని ఒకామె ఆల్బమ్‌లో ఈ గొంతుపాట వాడిందని ఇన్యూట్ కళాకారులు అభ్యంతరం చెప్పారు. నిర్వాహకులు నామినేషన్ తీయలేదు. తగాక్, పిక్సిక్ పేరుతో జంటగా పాడే ఇన్యూట్ అక్కాచెల్లెళ్లు ఆ అవార్డుల్ని బహిష్కరించారు. ఆ పిక్సిక్ వాళ్లు వాడేది లూపరే, అంటే ఈ పెడల్ లాంటిదే! వాళ్ల పేచీ యంత్రంతో కాదు, ఎవరు పాడుతున్నారన్నదాంతో.

శబ్దభేది: ఎవరు పాడాలో వాళ్లు తేల్చుకుంటారు. నేనడిగింది ఆట సంగతి.

తెగిన_తీగ: మిషనరీలు పాపమని మాన్పించిన పాటని మళ్లీ నిలబెట్టుకున్నది వాళ్లు. పెడల్ పెట్టాలో వద్దో కూడా వాళ్లిష్టమే. ఇక్కడ కూర్చుని సర్టిఫికెట్లివ్వడానికి మనమెవరం?

శబ్దభేది: పిక్సిక్‌లో మనుషులు ఇద్దరున్నారు, మాస్టారూ. ఒక్కరే పాడి, రెండో మనిషి బదులు పెడల్ తొక్కేవాళ్ల గురించి నేను మాట్లాడుతుంటే మీరు అవార్డుల్లోకి వెళ్లారు.

బేస్‌బాబు: ఇంతకీ గేట్ తీశారా?