రెండింటికీ అంతే కలిపినా నిష్పత్తి ఎందుకు మారుతుంది?

పాప అమ్మ, దేవరకొండ:
మా పాప ఆరో తరగతి. 3:5కి సమాన నిష్పత్తి రాయమంటే 5:7 అని రాసింది. తప్పు అంటే, "రెండింటికీ రెండే కదా కలిపాను, ఎవరికీ ఎక్కువ వేయలేదు కదా" అంటోంది. గుణించాలని నాకు తెలుసు, కలిపితే ఎందుకు కుదరదో చెప్పడానికే మాట దొరకడం లేదు. పైగా 10/40ని కొట్టేసి 1/4 అని రాస్తే విలువ తగ్గిపోయిందంటుంది. మార్కుల సంగతి పక్కన పెట్టండి, అర్థం కాకుండానే బట్టీ పడుతుందేమోనని నాకు టెన్షన్.

మేస్త్రి, జడ్చర్ల:
అక్కా, నేను ప్లాస్టరింగ్ చేస్తాను. 1:4 మాల్ అంటే తట్ట సిమెంటుకు నాలుగు తట్టల ఇసుక. సిమెంటు రెండు తట్టలైతే ఇసుక ఎనిమిది, మూడైతే పన్నెండు, మాల్ మాత్రం అదే. ఇప్పుడు పాప లెక్కన రెండింటికీ రెండేసి తట్టలు వేయండి, 3 సిమెంటు, 6 ఇసుక, అంటే ఒకటికి రెండే అయింది. ఒక్క తట్ట ఉన్నచోట రెండు పడితే అది మూడింతలైంది, నాలుగున్నచోట అవే రెండు పడితే ఒకటిన్నర రెట్లే అయింది, తేడా అక్కడే వచ్చింది. సిమెంటు అంత ఎక్కువైతే గోడ ఆరాక సన్న పగుళ్లు వస్తాయి.

లెక్కల టీచర్, నల్గొండ:
మేస్త్రి గారు చెప్పింది సరిగ్గా ఉంది. 3/5, 5/7 రెండింటికీ హారం 35 చేసి చూపించండి, 21/35, 25/35 వస్తాయి, సమానం కాదని పాపే చెప్తుంది. రెండో దానికి మీ పొలం లెక్క చాలు. ఎకరానికి 40 గుంటలు, పది గుంటలంటే 10/40 ఎకరం, దాన్నే పావు ఎకరం అంటాం. పేరు మారిందని గట్టు జరగదు కదమ్మా. పాసుబుక్కులో 1.20 అని ఉంటే అది ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర, దశాంశమనుకుని చదవొద్దని కూడా చెప్పండి.

ఇంకొకటి, పిల్లలు ఇక్కడ బాగా పొరపడతారు: 1:4 మాల్‌లో సిమెంటు పావు భాగం కాదు. మొత్తం ఐదు తట్టలు, అందులో ఒకటి, కాబట్టి 1/5.

పాప అమ్మ, దేవరకొండ:
అన్నా, సార్, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. నాలుగు గ్లాసుల నీళ్లకు ఒక స్పూను చక్కెర వేసి తాగించాను, తర్వాత ఆరు గ్లాసులకు మూడు స్పూన్లు. "అమ్మా, ఇది మరీ తీపి" అంది, ఆపైన కాసేపు ఆలోచించి, "రెండూ ఒకేలా ఉంటే మాత్రం కలిపినా మారదు కదా, 4:4కి రెండేసి కలిపితే 6:6" అని తనే రాసి చూపించింది.